మా నయేలీకి ఉన్న ఇరవై ఏడు హక్కులు

అమెరికాలోనే కాదు, భూమ్మీద ఎక్కడా నిర్బంధంలో ఉన్న పిల్లలకు ఇన్ని హక్కులు లేవని మా పియద్రా కౌంటీ కమిషనర్ హార్లన్ ప్రూయిట్ గారు సోమవారం పొద్దున ప్రకటించారు. మొత్తం ఇరవై ఏడు! బాలల నిర్బంధ కేంద్రం గుమ్మంలో రిబ్బన్ కత్తిరించి, హక్కుల పరిరక్షణ విభాగాన్ని ప్రారంభించారు. పదకొండు మంది ఉద్యోగులు, పదకొండు కుర్చీలు, ఒక కాఫీ మెషిన్. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. నా కూతురు లోపలే ఉంది మరి.

మా నయేలీకి పదమూడేళ్లు. స్కూల్లో ఉత్తపుణ్యానికి ఫైర్ అలారం లాగింది. జడ్జి గారు పది రోజులు వేశారు. శుక్రవారంతో తీరిపోతాయి. ఈలోగా నేను ఊహించని ఘోరం లేదు. మంచం మీంచి పడి ఉంటుంది. బీన్స్ గొంతుకు అడ్డంపడి ఉంటాయి. అక్కడి సబ్బు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి ఉంటాయి. అందుకే హక్కులనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

బుధవారం స్వెటర్ పట్టుకుని వెళ్లాను. కౌంటర్లో హక్కుల అధికారి గ్లెండా స్ట్రౌడ్ మేడమ్ ఉన్నారు.

"మా అమ్మాయికి చలేస్తోందట మేడమ్."

"వెచ్చగా ఉండే హక్కు పద్నాలుగోది, ఓఫీలియా గారూ. గోడ మీద రాయించాం, చూశారా?"

చూశాను. ఎర్ర రంగుతో, జానెడేసి అక్షరాలు.

"మరి ఈ స్వెటర్?"

"బయటి బట్టలు లోపలికి రాకూడదు. కానీ చలేస్తోందని ఫిర్యాదు చేసుకోవచ్చు. అది పదిహేనోది."

"చేసిందా?"

"రోజూ చేస్తోంది. ఎంత చురుకైన పిల్లండీ!" మేడమ్ మొహం వెలిగిపోయింది.

కూతుర్ని అంతలా మెచ్చుకుంటే ఏ తల్లికి బాగోదు? స్వెటర్ వెనక్కి తెచ్చుకున్నాను.

శుక్రవారం పచ్చిమిర్చి కూర వండి, టోర్టిలా రొట్టెలు కాల్చి మూతపెట్టి, జడ్జి గారి విడుదల కాగితంతో వెళ్లాను. సాక్షాత్తూ కమిషనర్ గారే ఎదురొచ్చి కుర్చీ వేశారు. డోనట్ పెట్టారు. మా ఆయన పోయినప్పుడు ఆసుపత్రి వాళ్లు కూడా ఇలాగే కుర్చీ వేశారు.

"మా పిల్లకేమైంది సార్?"

"భేషుగ్గా ఉంది. వచ్చిన చిక్కల్లా మిగతావాళ్లతోనే. సోమవారం తొమ్మిది మంది పిల్లలుండేవారు. ఎనిమిది మంది గడువు తీరిందని వెళ్లిపోయారు. బొత్తిగా విశ్వాసం లేదండీ ఈ కాలం పిల్లలకి! ఎల్లుండి దాటితే రాజధాని నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. మీ అమ్మాయిని కూడా పంపేస్తే మా పదకొండు మందీ ఎవరి హక్కులు కాపాడాలి?"

నిజమే కదా అనిపించింది. అయినా అడిగాను.

"జడ్జి గారు రాసిచ్చారు కదండీ?"

"ఇంటికెళ్లే హక్కంటారా? అది ఇరవై ఎనిమిదోది అవుతుంది. మా దగ్గరున్నవి ఇరవై ఏడే." తర్వాత గొంతు తగ్గించారు. "తల్లిగా ఆలోచించండి. బయట రోడ్డు మీద లారీలు. పొదల్లో పాములు. మీ ఇంట్లో హక్కుల అధికారి ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ. కుక్క ఉంది."

"కరుస్తుందా?"

మా కుక్క పదకొండేళ్లలో ఒక్కర్నీ కరవలేదు. ఆయన అడిగాక నాకే అనుమానం వచ్చింది. చూపించిన చోట సంతకం పెట్టాను. 'తల్లి కోరిక మేరకు, సోమవారం వరకు' అని ఉంది. ఇంటికొచ్చి కుక్కని కట్టేశాను. కూర ముట్టుకోలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ వెండెల్ ఏమ్స్ గారు పొడవాటి ఫారం పట్టుకుని దిగారు. పదకొండు మందీ వరసగా నిలబడ్డారు. మధ్యలో నయేలీ. ముక్కు కారుతోంది. నేను స్వెటర్ చేత్తో పట్టుకుని గోడవారన నిలుచున్నాను.

"ఇక్కడ నీకు అందని హక్కేదైనా ఉందా పాపా? భయపడకుండా చెప్పు."

నయేలీ నావైపే చూస్తూ చెప్పింది.

"ఇంటికెళ్లాలి. శుక్రవారమే వెళ్లాల్సింది. ఎవరో ఆపారు. ఎవరని అడిగితే ఒక్కరూ చెప్పట్లేదు."

నేను స్వెటర్ మడతపెట్టడం మొదలుపెట్టాను. అది మడతపెట్టే ఉంది.

ఏమ్స్ గారు తల పంకించి ఫారంలో రాసుకున్నారు. "నిర్భయంగా అభిప్రాయం చెప్పే హక్కు: నూటికి నూరు. ప్రూయిట్ గారూ, పదేళ్ల సర్వీసులో ఇలాంటి కేంద్రం చూడలేదు. రాష్ట్రానికే ఆదర్శం! వచ్చే నెలలో పద్నాలుగు కౌంటీల అధికారుల్ని పంపిస్తాను, ఈ పిల్లని చూసి నేర్చుకుంటారు."

పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారు కళ్లు తుడుచుకుని, జేబులోంచి కాగితం తీసి, పెన్ను మూత విప్పి నా చేతిలో పెట్టారు.

"ఇక్కడ, ఓఫీలియా గారూ. పోయినసారి పెట్టిన చోటే."

"పోయినసారా? అమ్మా?" అంది నయేలీ.

ప్రశ్నించే హక్కు ఆరోది. స్ట్రౌడ్ మేడమ్ వెంటనే టిక్కు పెట్టారు.