ఉగాది బ్యానర్

శనివారం పొద్దున్న ఉదయభాస్కర్ పెట్టుకున్న కార్యక్రమం చిన్నదే. కాఫీ తాగి, తెనాలి నుంచి న్యూజిలాండ్ వచ్చిన అత్తగారికి టౌరంగా ఊరి బీచి చూపించడం. మొదటి గుక్క గొంతు దిగకముందే ఫోను మోగింది. తెలుగు సంఘం అధ్యక్షుడు బాలసుబ్రహ్మణ్యం.

"భాస్కర్, మీది బట్టల కంపెనీ అని మీ అత్తగారు గుళ్ళో చెప్పారయ్యా! ఇన్నాళ్ళూ దాచావే? రేపు ఉగాది సభకి స్పాన్సర్లు మీరే. స్టేజి వెనకాల పెద్ద బ్యానర్ వేయిస్తున్నా. ఇంతకీ ఏం బట్టలు?"

బట్టల కంపెనీ అన్నది అబద్ధం కాదు. మగవాళ్ళ ఈత దుస్తులు, లోదుస్తులు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ అది. ఉదయభాస్కర్ దాని వెబ్‌సైట్ చూసుకుంటాడు. పెళ్ళిచూపుల్లో మాత్రం "వస్త్ర రంగంలో సాఫ్ట్‌వేర్" అన్నాడు. ఆ మాట పరువు మీదే కాపురం సాగుతోంది. ఎదురుగా అత్తగారు రాజేశ్వరమ్మ చెవులు రిక్కించి కూర్చుంది.

"పంచెలు అంకుల్," అనేశాడు.

"పంచెలా!" అధ్యక్షుడి గొంతు గద్గదమైంది. "తెల్లవాళ్ళకి పంచెలు కట్టిస్తున్నావా నాయనా! వెబ్‌సైట్ పేరు చెప్పు."

"అది... డౌన్ అయింది అంకుల్. రిపేర్ చేస్తున్నాం."

ఫోను పెట్టేశాక భార్య శ్రీవల్లి పక్కగదిలోకి లాగింది. "నిజం చెప్పేస్తే పోయేది కదా!"

"మీ అమ్మ ముందా? డ్రాయర్లు అమ్ముతున్నాననా?"

సాయంత్రానికి సంఘం వాట్సాప్ నిండా అభినందనలే. రేపు అతనికి శాలువా కప్పుతారట; 'పంచెకట్టు వైభవం' మీద అతనే మాట్లాడాలట. ఉదయభాస్కర్ లేని జ్వరం తెచ్చుకుని ముసుగు తన్నాడు. అత్తగారు మిరియాల చారు పట్టించి, "కూర్చుని మాట్లాడుదువుగాని, లే బాబూ," అంది. ఈలోగా అధ్యక్షుడు ఆమెకే ఫోన్ చేశాడు. గుమ్మం దగ్గరున్న కొరియర్ డబ్బా మీది కంపెనీ పేరు ఆవిడ అక్షరం అక్షరం చదివి వినిపించింది. వెబ్‌సైట్ పనిచేయడం లేదన్నాడు కదా అని ఆయన తెరిచి చూడలేదు. బ్యానర్లు వేసే కివీ కుర్రాడికి ఆ పేరు పంపించి, "సైటు బాగయ్యాక అందులోంచి మంచి ఫోటో వెయ్యి," అన్నాడు. కుర్రాడికి వెబ్‌సైట్ వెంటనే తెరుచుకుంది. అతను మంచి ఫోటోయే వేశాడు.

ఆదివారం హాల్లో తెర లేచింది. ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కింద, మనిషికి రెండింతల ఎత్తున, కండలు తిరిగిన ఒక వీరుడు నీలం చెడ్డీతో నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నాడు. నెత్తిన 'ఉగాది శుభాకాంక్షలు'. మోకాళ్ళ దగ్గర, పంచాంగం విప్పుకుని శాస్త్రిగారు.

ఎవరో చిన్నపిల్ల, "డాడీ, వేర్ ఈజ్ హిజ్ పంచె?" అంది.

రాజేశ్వరమ్మ లేచి స్టేజి ఎక్కింది. ఉదయభాస్కర్ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వీరుడి నడుం పట్టీని దగ్గరగా పరీక్షించి, మైకు అందుకుంది.

"కుట్టు గట్టిగానే ఉంది. ఎందుకండీ అంతలా నోళ్ళు తెరిచారు? మా ఆయన తెనాలి బజార్లో జీవితమంతా అమ్మింది ఇవే. కట్ డ్రాయర్లు, బనియన్లు. వాటి మీదే నా కూతురు ఇంజినీరింగ్ చదివింది."

ఉదయభాస్కర్ కళ్ళు తెరిచి భార్యకేసి తిరిగాడు. "మీ నాన్నగారిది వస్త్ర వ్యాపారం అన్నారుగా!"

"మరి అవి వస్త్రాలు కావా?" అంది శ్రీవల్లి, స్టేజి మీంచి చూపు తిప్పకుండా.

"ఇవి వేసుకోకుండా వచ్చిన మగవాళ్ళెవరైనా ఉంటే," అంది రాజేశ్వరమ్మ, "లేచి నిలబడి మా అల్లుణ్ణి తప్పుపట్టండి."

ఎవ్వరూ లేవలేదు. వెనక వరసలో మొదలైన నవ్వు ముందు వరసకి పాకింది. చప్పట్లు మోగాయి. బాలసుబ్రహ్మణ్యం శాలువా కప్పే మిషతో ఉదయభాస్కర్ చెవి దగ్గరికి వంగాడు.

"మనలాంటి పొట్టలకి సైజులుంటాయా బాబూ?"

శాస్త్రిగారి నడుం కొలత తేలాక పంచాంగ శ్రవణం మొదలైంది.