దర్జీకి దక్కిన దూరం చూపు

ఆ పొద్దున దర్జీ అనుకున్నది చాలా చిన్న పని. పరీక్షలన్నీ అయిపోయాయి. కంటి ఆసుపత్రికి వెళ్ళి, శుక్లం తీశాక పెట్టే లెన్సుల్లో దగ్గరి చూపుది తనకు కావాలని చెప్పి, ముందు ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుని రావాలి. సూది బెజ్జం కనపడకపోతే తన బతుకు బజారున పడ్డట్టే. కళ్ళజోడు సర్దుకుంటూ కుట్టేవాడికి కోటు గుడ్డ ఎవరిస్తారు?

ఒక్కడే వెళ్తే పని జరిగేది. భార్య, బావమరిది కూడా బయల్దేరారు.

ఆసుపత్రిలో ఏ లెన్సు ఎందుకో వివరించే కౌన్సిలర్ అమ్మాయి మూడు లెన్సుల బొమ్మలు బల్ల మీద పరిచింది. "ఇది దూరానికి, చదవాలంటే అద్దాలుండాలి. ఇది దగ్గరికి. ఇది రెండింటికీ, కాకపోతే రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి."

"వలయాలొద్దు తల్లీ, ఈయనకసలే అన్నీ అనుమానాలు," అంది భార్య.

"దూరానిదే వేయించుకో బావా. మొన్న నా బండి అనుకుని ఎవడి వెనకో ఎక్కి కూర్చున్నావు!"

"అది కాదురా, సూది..."

"భయపడకండి, సూది పొడవం, చుక్కల మందుతోనే కన్ను మొద్దుబారుస్తాం," అంది కౌన్సిలర్. "ఏం చేస్తుంటారు?"

"సొంత షాపు. కూర్చుని చూసుకుంటారు," అంది భార్య గొప్పగా.

"అయితే దూరం బాగా కనిపిస్తే మంచిదే కదండీ?"

దర్జీ వచ్చినవాళ్ళకెవరికీ ఏనాడూ కాదని చెప్పి ఎరగడు. బానపొట్టాయన నడుం సన్నగా కనపడాలన్నా సరేననేవాడు. అలవాటుగా నోరు జారింది. "మంచిదేనమ్మా."

తేరుకునేసరికి ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు. "మాట్లాడకూడదు," అన్నాడు డాక్టరు.

వారం తర్వాత షాపు గుమ్మంలో కూలబడ్డాడు. చేతిలో సూది ఒట్టి మెరుపు గీత. బెజ్జం ఏ లోకంలో ఉందో తెలియలేదు.

"నా పని అయిపోయింది. షాపు మూసేస్తా."

"ముందు వీధి చూడండి, ఎంత తేటగా ఉందో," అంది భార్య.

చూశాడు. ఎదుట బ్యాంకు మేనేజరు వెళ్తున్నాడు. తను కుట్టిన కోటే. ఒక భుజం రెండోదానికన్నా బెత్తెడు పైకుంది. వెనకే బడి మాస్టారు. ఆయన చొక్కా జేబు చంకలోకి జారిపోతోంది. అప్పుడే వచ్చిన బావమరిది చొక్కా గుండీలు బొడ్డు దగ్గరికొచ్చేసరికి దారి తప్పాయి.

"ఇన్నాళ్ళూ ఇలాగే కుట్టానా? చెప్పలేదేరా?"

"కొత్త ఫ్యాషన్ అనుకున్నాం బావా! జనం నీ దగ్గరికొచ్చేదే అందుకు. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని తిన్నగా కుట్టావంటే ఒక్కడూ గుమ్మం తొక్కడు."

దర్జీ తల పట్టుకున్నాడు. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోన్, రెండో కంటికి ఎప్పుడొస్తారని.

తొందరేమీ లేదన్నాడు.