మొదటి వ్యాగను రంగు

చరిత్రకు ఒక రంగు ఉంటుందనీ, దాన్ని తేల్చే అధికారం పెద్దాఫీసులోని మూడో గదికే ఉందనీ 1974లో గోదావరిఖనిలో ఉత్తర్వు వెలువడింది.

కారణం చిన్నదే. గనులు చూడటానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నారు. ఆయనకు చూపించడానికి, ఇక్కడి బొగ్గు మోసిన తొలి రైలు బొమ్మను మూరెడు పొడవున టేకుతో చేయించారు. రంగు వేసే పని వర్కుషాపు పెయింటరు సిరాజుద్దీన్‌కు అప్పగించారు. పదకొండేళ్లుగా అతను రోజుకూలీ. అసలు రంగు కుదిరితే పర్మనెంటు చేస్తామని రంగు నిర్ధారణాధికారి (ఈ హోదా ముందురోజే పుట్టింది) మాటిచ్చారు. ఆ కబురు వినగానే సిరాజుద్దీన్ భార్య మైమూనా వాడకట్టంతటికీ చాయ్ పోసింది.

పాత దస్త్రాల్లో రెండు కాగితాలు దొరికాయి. ఒకదాంట్లో 'ఎరుపు' అనీ, రెండోదాంట్లో 'ఎరుపు కాదు' అనీ ఉంది. దాంతో ఒకప్పుడు ఆ రైలు వ్యాగన్లు నింపిన కొమురెల్లిని బెల్లంపల్లి నుంచి జీపులో పిలిపించారు.

"నాది దినాం రాత్రి షిఫ్టే దొరా. వ్యాగను నా చేతులకు ఎర్క, కండ్లకు తెల్వది" అన్నాడాయన.

సాక్షి ముదురు రంగును ధ్రువీకరించినట్టు నమోదైంది.

ఇక లాభం లేదని సిరాజుద్దీన్ తానే బెల్లంపల్లి వెళ్లాడు. అక్కడి షెడ్డు వెనక తుప్పుపడుతున్న ఆ తొలి రైలు వ్యాగనును బ్లేడుతో గీకాడు. నలుపు కింద బూడిదరంగు, దాని కింద ఇటుకెరుపు. ఆ పెచ్చును కాగితంలో చుట్టి తెచ్చాడు. నాలుగు రోజులు రంగులు కలిపి కలిపి, చివరికి బొమ్మ మీద పెచ్చు పెడితే ఏది ఏదో తెలియకుండా కుదిర్చాడు. ఒక్కడే నవ్వుకున్నాడు.

రంగు మంజూరైంది. కంపెనీ ఆస్తిని గీకినందుకు మెమో కూడా వచ్చింది.

పెద్దమనిషి వచ్చారు. బొమ్మను అర నిమిషం చూసి, బొగ్గుబండి నల్లగా ఉండాలి కదా అని, భోజనానికి వెళ్లారు. గంటలో బండి నల్లబడింది. ఆ నలుపూ సిరాజుద్దీనే వేశాడు (ఆజ్ఞ అలా ఉంది).

వారానికి పర్మనెంటు కాగితం తిరిగొచ్చింది. చరిత్రకు విరుద్ధమైన రంగు వేసినందువల్ల అభ్యర్థి అనర్హుడట.

సిరాజుద్దీన్ అధికారి ముందు నిలబడ్డాడు.

"వ్యాగను గురించి గింత పెద్ద ఫైలు రాసిండ్రు సార్. నేను పదకొండేండ్ల సంది ఈడ పని చేస్తున్ననని ఒక్క కాయితం మీద రాసియ్యుండ్రి."

అధికారి సానుభూతితో విని, అలా రాయాలంటే రుజువు కావాలన్నారు.