నంబరు పడిన తలుపు

వడ్రంగి ఇంట్లో స్నానాల గదికి మూడేళ్లుగా తలుపు లేదు. పాత దుప్పటి ఒకటి వేలాడుతుండేది. లోపల ఎవరైనా ఉంటే పాట పాడాలి. అదీ ఆ ఇంటి నియమం. వీధివీధికీ తలుపులు చేసిపెట్టేవాడు తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి "వచ్చే వారం" అనేవాడు.

ఆ రోజు మాత్రం వచ్చే వారం కుదరలేదు. కూతురి మామగారు మొదటిసారి ఇంటికి వస్తున్నాడు, పన్నెండు గంటలకు. భార్య తెల్లవారుతూనే తేల్చి చెప్పింది. "ఆయనచేత కూడా పాట పాడిస్తారా? ఆయన వచ్చేలోపల తలుపు పడకపోతే, ఆ దుప్పటి కప్పుకుని దుకాణంలోనే పడుకోండి."

తలుపు దుకాణంలో సిద్ధంగానే ఉంది. గడియ కూడా బిగించాడు. ఎనిమిదింటికి దాన్ని నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. గంటలో పని ముగించి ఒక కునుకు తీద్దామని అతని ఆలోచన.

దుకాణానికీ ఇంటికీ మధ్య ఇరుకు సందు ఒకటి ఉంది. అటూ ఇటూ గోడలు, కింద మురుగు కాలువ. కాలువ పైకప్పు పగిలిందని వీధివాళ్లు మూడు అర్జీలు పెట్టారు. ఎవరూ రాలేదు. రాత్రి దంచిన వానకు కప్పే కాలువలోకి దిగిపోయింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా భుజాల లోతు గొయ్యి. దూకి దాటేంత చిన్నదీ కాదు.

వడ్రంగి తలుపు దించి గొయ్యి మీద పరిచాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. దాని మీదుగా దాటి, వెనక్కి తిరిగి, ఎత్తుదామని వంగాడు.

"ఒక్క నిమిషం బాబాయ్, మేమూ దాటేస్తాం" అంది బడి పంతులమ్మ. ఆమె వెనక ఇరవై మంది పిల్లలున్నారు. వాళ్లు దాటేలోగా ఇవతల సైకిళ్లవాళ్లు చేరారు. వాళ్ల తర్వాత బీరువా మోసుకుంటూ ఇద్దరు వచ్చారు. ఇది నా తలుపు, స్నానాల గదిది అని వడ్రంగి ప్రతివాడికీ చెప్పాడు. అందరూ తల ఊపి దాటిపోయారు. కూరగాయల ముసలమ్మ అయితే అతన్ని వంతెన కాపలావాడే అనుకుంది. కాలు జారుతోంది, నిలబడి చూసే బదులు కాస్త ఇసుక చల్లకూడదా అని కసిరింది. అతను వెళ్లి ఇసుక తెచ్చి చల్లాడు. ఎందుకు చల్లాడో అతనికే తెలియదు. జారడం తగ్గాక జనం ఇంకా పెరిగారు.

పదింటికి ఆఫీసు తెరవగానే పంతులమ్మ బడి నుంచి పురపాలక కార్యాలయానికి ఫోన్ చేసి, వంతెన వేసినందుకు కృతజ్ఞతలు చెప్పింది. మూడు అర్జీలకు రాని ఓవర్సీరు ఒక్క కృతజ్ఞతకు అరగంటలో వచ్చాడు. వెంట బంట్రోతు, ఎర్ర రంగు డబ్బా. తలుపు మీద పెద్ద అక్షరాలతో 'తాత్కాలిక వంతెన నం. 14' అని రాయించాడు.

వడ్రంగి చేతులు కట్టుకుని సంగతంతా చెప్పుకున్నాడు.

"నంబరు పడింది కదయ్యా, ఇక ఇది ఆఫీసుది. కావాలంటే అర్జీ పెట్టుకో" అన్నాడు ఓవర్సీరు.

"ఎవరికండీ?"

"నాకే. నాలుగు వారాల్లో చూస్తాను."

అప్పటికి పదకొండు దాటింది. వంతెన అన్నాక రిజిస్టరులో లోతు రాయాలి. ఓవర్సీరు తలుపు ఒక పక్క ఎత్తించి, టేపు పుచ్చుకుని గొయ్యిలోకి దిగాడు. బంట్రోతు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అంతలో మళ్లీ వాన మొదలైంది. అవతల ఆగినవాళ్లలో బంట్రోతు అత్తగారు ఉంది.

"ఏం అల్లుడుగారూ, నేనిలా తడవాల్సిందేనా?" అని మెల్లగా అడిగింది.

బంట్రోతు తలుపు దించేశాడు. ఆమె దాటగానే గొడుగు పట్టి ఇంటిదాకా దింపడానికి వెళ్లాడు. ఆమె వెనకే వరస కట్టి అందరూ దాటారు.

కాసేపటికి తలుపు కింద నుంచి టకటకమని చప్పుడైంది. తిరిగి వెళ్తున్న కూరగాయల ముసలమ్మ ఆగి, అలవాటు కొద్దీ "ఎవరూ?" అంది.

"నేను, ఓవర్సీరుని. తలుపు తియ్యండి. నీళ్లు మోకాళ్లు దాటాయి."

దాటడానికి మళ్లీ చేరిన జనమంతా వడ్రంగి వైపు చూశారు. వడ్రంగి వచ్చి తలుపు అంచు మీద కూర్చున్నాడు.

"తియ్యొచ్చండీ. కానీ ఆఫీసు వంతెన కదా. అర్జీ లేకుండా చెయ్యి వేస్తే బాగుండదేమో."

కింద నుంచి టకటక ఇంకా గట్టిగా మోగింది.

"అది వంతెన కాదయ్యా. తలుపే."

"ఎవరిదండీ?"

"నీదే. నీ తలుపు నువ్వు పట్టుకుపో బాబూ."

ముప్పై మంది విన్నారు. వడ్రంగి తలుపు ఎత్తి, ఓవర్సీరుకు చెయ్యిచ్చి పైకి లాగి, తలుపు నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు. పన్నెండుకు పది నిమిషాలుండగా బిగించేశాడు. తలుపు నిండా వీధివాళ్ల కాలి గుర్తులు, మధ్యలో ఎర్రటి నంబరు. భార్య ఎగాదిగా చూసి, మిగతా పదమూడు ఎక్కడ అని అడిగింది.

వియ్యంకుడు పన్నెండున్నరకు వచ్చాడు. నెత్తి నుంచి కాలిదాకా బురద. ఒక కాలికి చెప్పు లేదు.

"బడి దగ్గర దారి అడిగితే, మీ సందులో మంచి వంతెన ఉందని పంతులమ్మ చెప్పింది బావగారూ. నీళ్ల కింద ఉంటుందిలే అని ధైర్యంగా అడుగు వేశాను. ఏ దరిద్రుడు ఎత్తుకుపోయాడో దాన్ని!"

వడ్రంగి తువ్వాలు అందించి స్నానాల గది చూపించాడు. తలుపు చక్కగా మూసుకుంది. గడియ ఒక్క దెబ్బకు పడింది.

ఆ దరిద్రుణ్ణి తిట్టే తిట్లు లోపలి నుంచి ఒక్క క్షణం కూడా ఆగలేదు కాబట్టి, పాట పాడకపోయినా ఆ రోజుకు దుప్పటి సరిపోయేది.