మంటలార్పే సిలిండర్లకు వాస్తు

ఆదివారం మురళీకృష్ణ కూతురు హేమశ్రీ పెళ్లి. కడియంలో మొక్కలమ్మిన డబ్బుతో అతను కట్టించిన ఫంక్షన్ హాల్లో అదే మొదటి శుభకార్యం. ఫైర్ ఆఫీసరు సాయంత్రం వచ్చి చూసి అనుమతి ఇస్తేనే హాలు తెరవాలి. అందుకని రాజమండ్రి నుంచి ఫైర్ సామాను అమ్మే జాషువాను పిలిపించి, అంతా పొద్దున్నే బిగించేసి, మిగిలిన శుభలేఖలు పంచడానికి బయల్దేరాలనుకున్నాడు.

జాషువా ఎర్ర సిలిండర్లు మూడు రకాలు తెచ్చాడు: పొడి చల్లేవి, గ్యాస్ వదిలేవి, నురగ చిమ్మేవి. ఏది ఎక్కడ బిగించాలో అతను చెప్పబోతుండగానే మురళీకృష్ణ భార్య నాగదుర్గ వాస్తు సిద్ధాంతిగారికి ఫోన్ కలిపింది.

"అగ్నికి సంబంధించిన వస్తువేదైనా ఆగ్నేయంలోనే ఉండాలమ్మా," అన్నారాయన.

ఆగ్నేయంలో వంటిల్లుంది. సిలిండర్లన్నీ వెళ్లి గ్యాస్ బండల పక్కన బుద్ధిగా నిలబడ్డాయి.

ఎదురు చెప్పడం జాషువాకు చేతకాదు. "ఆయ్, అలాగేనండి," అని గొంతు సవరించుకున్నాడు. "కాకపోతే వంటింట్లో మంట లేస్తే, ఆర్పే సామాను కోసం మంటలోకే వెళ్లాలి కదండీ?"

నాగదుర్గ మళ్లీ ఫోన్ చేసింది. సిద్ధాంతిగారు ఒప్పుకున్నారు. "నిజమేనమ్మా. అగ్నిని ఆర్పేది అగ్ని ఎలా అవుతుంది? జలం అవుతుంది. ఈశాన్యానికి మార్చండి."

అన్నీ ఈశాన్యంలోని పూజగదికి చేరాయి. నాగదుర్గ వాటికి పసుపు రాసి బొట్లు కూడా పెట్టింది.

"నురగదాంట్లో తప్ప మిగతా రెండింట్లో నీళ్లు లేవండి," అన్నాడు జాషువా, ఎంతో బాధపడుతూ.

మూడో ఫోన్‌తో లెక్క తేలింది. పొడి అంటే మట్టి, కాబట్టి నైరుతి. గ్యాస్ అంటే గాలి, కాబట్టి వాయవ్యం. కరెంటు మంటకు పనికొచ్చేది గ్యాసే; మీటర్లూ అక్కడే ఉన్నాయి. నురగ ఈశాన్యంలోనే ఉండొచ్చు.

"మరి ఆగ్నేయం బోసిపోతే అగ్నిదేవుడికి కోపం రాదాండీ?" అని జాషువా అమాయకంగా అడిగాడు. వంటింటి గుమ్మం బయట కూడా ఒక పొడి సిలిండరుకు అనుమతి దొరికింది. పొద్దున తను చెప్పబోయిన చోట్లకే అన్నీ చేరినందుకు జాషువా లోలోపలే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

సాయంత్రం ఫైర్ ఆఫీసరు ఆశాజ్యోతి వచ్చి నాలుగు మూలలూ చూసింది. "సామాను చక్కగా పెట్టారండి. మరి మంట లేస్తే మనుషులు ఎటు పోతారండి?"

మురళీకృష్ణ తూర్పు ద్వారం చూపించాడు.

"వంటిల్లు దాన్ని ఆనుకునే ఉంది కదండీ. ప్లాన్‌లో దక్షిణం వైపు ఇంకో ద్వారం ఉండాలే?"

ఉండేది. సిద్ధాంతిగారు వద్దన్నారని ఇటుకలతో మూయించేశారు. ద్వారం తెరిచే దాకా అనుమతి లేదని చెప్పి ఆమె వెళ్లిపోయింది. మురళీకృష్ణ కుర్చీలో కూలబడ్డాడు.

నాగదుర్గ ఫోన్ తీసింది కానీ నంబరు నొక్కలేదు. ఖాళీ హాల్లో వరసగా వేసిన కుర్చీలను చూస్తూ నిలబడింది. మొదటి వరసలో సరిగ్గా నడవలేని అత్తగారు కూర్చుంటుంది. వెనక పిల్లలుంటారు. మండపం మీద హేమశ్రీ. నాగదుర్గ ఫోన్ పక్కన పెట్టి భర్త దగ్గరికి వచ్చింది.

"యముడు దక్షిణం నుంచి వస్తాడని మూయించానండీ," అంది నెమ్మదిగా. "తూర్పు నుంచొస్తే మనం ఎటు పోతామో ఆలోచించలేదు. రేపే తాపీమేస్త్రిని పిలవండి."

తలుపు పెట్టాక అనుమతి వచ్చింది. ఆదివారం మూడుముళ్లూ పడ్డాయి. రెండో పంక్తి వడ్డిస్తుండగా బూరెల బాణలిలో నూనె అంటుకుని, వంటింటి పొగ తూర్పు ద్వారాన్ని కమ్మేసింది. మంటల హెచ్చరిక గంట మోగింది. జనమంతా దక్షిణం వైపు నుంచి నెమ్మదిగా బయటికి నడిచారు. అత్తగారిని, పెళ్లికి వచ్చిన జాషువా కుర్చీతో సహా మోశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. గుమ్మం దగ్గరున్న సిలిండరుతో వంటవాళ్లు మంట ఆర్పారు. బూరెలు మాత్రం పోయాయి.

నాగదుర్గ బయటికొచ్చేసరికి సిద్ధాంతిగారు అప్పటికే వేపచెట్టు కింద ఆయాసపడుతున్నారు, చేతికంటిన పప్పన్నంతో.

"బయటికి పోయే ద్వారానికి దోషం లేదమ్మా," అన్నారు.

ఇప్పుడు ఆ హాల్లో ఏ పెళ్లి జరిగినా, ఆయన విస్తరి దక్షిణ ద్వారం పక్కనే వేయాలి.