నడిగట్టు

అంజనమ్మ పోయిన రోజు పొద్దున ఆ ఇంట్లో తేల్చవలసిన విషయం ఒక్కటే. సింకు ఎక్కడ పెట్టాలి?

ధర్మపురిలో పాత ఇల్లు. హోసూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు మోహనప్రియ తన స్నేహితురాలి ఫ్లాటులో ఒక వంటగది చూసి వచ్చింది. గోడకు ఆనకుండా గది నడిమధ్యలో, నాలుగు వైపులా తిరగడానికి వీలుగా ఒక గట్టు. దాన్ని ఐలాండ్ అంటారని చెప్పింది. మేస్త్రి అన్నామలై ఆ పేరు రెండుసార్లు పలికి చూసి, నడిగట్టు అని మార్చుకున్నాడు. దానికోసం హాలుకూ వంటింటికీ మధ్య గోడ కొట్టేశారు. గట్టు ఎక్కడ కట్టాలో తెలిసింది. సింకు ఆ గట్టు మీద పెట్టాలా, కిటికీ కింద గోడవారగా పెట్టాలా అన్నది తెలియలేదు.

"ప్లంబరు పదింటికి వస్తాడంట. యాడ పెట్టమని చెప్పేది?" అన్నాడు అంజనమ్మ భర్త గోపాలప్ప, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అతను కారిమంగళం దగ్గర ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టరు.

"నేను ఒక తావు అనుకోని పెట్టినాను," అంది అంజనమ్మ.

"యాడ?"

"ఇప్పుడు చెప్తే ఊఁ అనేసి బస్సుకు పరిగెత్తుతారు. సాయంత్రం రాండి. నిలబెట్టి చూపిస్తాను."

"సరే," అని అతను బస్సుకు పరిగెత్తాడు.

పదకొండూ ఇరవైకి ఏడో తరగతిలో భిన్నాలు చెబుతుండగా హెడ్మాస్టరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు, పేరు పెట్టి పిలవలేదు. గోపాలప్ప సుద్దముక్క జేబులో వేసుకుని బయటికి వచ్చాడు. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. పదింటికి రావలసిన ప్లంబరు వేల్మురుగన్ ఆ రోజు రాలేదు. అతను చెప్పిన రోజున రావడం ఎవరూ ఎరుగరు కాబట్టి ఎవరూ ఎదురుచూడలేదు. అంజనమ్మ ఒక్కతే చూసి ఉండాలి.

పదిమంది నిలబడే చోటు ఆ ఇంట్లో గోడ కొట్టేసిన హాలు ఒక్కటే. అక్కడే పడుకోబెట్టారు. మరుసటి రోజు ఆమెను తీసుకుపోయాక, తల ఉంచిన చోట దీపం వెలిగించి, చెంబుతో నీళ్ళు పెట్టారు. పదహారో రోజు దాకా అది అక్కడే ఉండాలి. వచ్చేవారు, పోయేవారు, మూలన సిమెంటు మూటలు. ఎవరి కాలు తగిలి దీపం పడుతుందోనని గోపాలప్ప కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి చుట్టూ గీత గీశాడు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. కొలవలేదు. ముప్పై ఏళ్ళుగా నల్లబల్ల మీద దీర్ఘచతురస్రాలు గీసిన చేయి.

పదహారో రోజు కార్యం అయ్యాక అతని అక్క ఇంద్రాణి దీపం తీసి, నేల కడిగింది. గీత పోయింది. మరుసటి పొద్దున బడికి బయలుదేరుతూ గోపాలప్ప సంచిలోంచి స్కేలు తీసి, సరిగ్గా అదే చోట మళ్ళీ గీశాడు. ఎందుకని తనను తాను అడుక్కోలేదు. అడిగితే జవాబు చెప్పాలి.

ఇరవై రెండో రోజున వేల్మురుగన్ వచ్చాడు.

పక్కింటి రాసాత్తి దగ్గర తాళం తీసుకుని లోపలికి వెళ్ళాడు. వాత్యారికి, అంటే మాస్టరుకు, ఫోన్ చేశాడు. వాత్యారు తరగతిలో ఉన్నారు, ఫోను సంచిలో ఉంది. వేల్మురుగన్ గది కలయజూశాడు. నడిమధ్యలో, నేల మీద, మూలమట్టం పెట్టినట్టు ఒక దీర్ఘచతురస్రం కనిపించింది. ఇంక ఫోనుతో పనేముంది?

సాయంత్రం గోపాలప్ప వచ్చి చూస్తే సుద్దగీత లోపలంతా గుంత. అక్కడినుంచి వెనక గోడ దాకా కాలువ తవ్వి ఉంది.

"నేను ఈ పనిలోకి వచ్చి పద్దెనిమిదేండ్లయింది సార్," అన్నాడు వేల్మురుగన్, చేతులు దులుపుకుంటూ. "ఇంత నీట్‌గా గీత గీసి అడయాళం ఎవురూ పెట్టలేదు. మామూలుగా 'ఇట్ల ఆ తట్టు రవ్వంత, ఈ తట్టు రవ్వంత' అని చేయి ఊపి పోతారు. మీరు పాయింటు పాయింటుగా పెట్టేసినారు. వాత్యార్ అంటే వాత్యారే."

గోపాలప్ప గుంతలోకి చూశాడు. ఆ గుర్తు సింకుది కాదు అని చెప్పవచ్చు. అప్పుడు, మరి దేనిది అని అడుగుతాడు. దానికి జవాబు ఒక చిన్న వాక్యం. గోపాలప్ప ఆ వాక్యాన్ని లోపల రెండుసార్లు కట్టి చూశాడు. రెండుసార్లూ ఆమె పేరు దగ్గరే ఆగిపోయింది.

"మధ్యాహ్నం తిన్నావా?" అన్నాడు.

"తినేసినాను సార్."

అదే సమయానికి ఇంద్రాణి వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. రోజూ సాయంత్రం తమ్ముడికి రసం తెచ్చి, తిన్నాడో లేదో చూసి పోతుంది. గుంత చూసి గిన్నె కింద పెట్టింది.

"ఎవురు చెప్పినారు రా ఈడ పగలగొట్టమని?"

"గుర్తు ఉండింది కదక్కా," అన్నాడు వేల్మురుగన్.

ఇంద్రాణి గుర్తు వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కిటికీ వైపు చూశాడు.

"అట్లనా," అంది కాసేపటికి, గొంతు తగ్గించి. "అవును. అంజనమ్మ అనుకుంటా ఉండింది. నడిగట్టు మీదే కావాలని. దాని కడాసి ఆశ అనుకో."

గోపాలప్ప ఉలిక్కిపడి అక్క వైపు తిరిగాడు. నిలబెట్టి చూపిస్తానన్న చోటు ఇదేనా? తనకు చెప్పనిది అక్కకు చెప్పిందా?

"నీతో అనిందా?"

"అనకుండా నేనెట్ల చెప్తాను?" అంది ఇంద్రాణి, రసం గిన్నె మూత సర్దుతూ.

కడసారి కోరిక అన్న మాట ఆ వీధిలో తిరగడానికి ఒక రాత్రి పట్టింది. పొద్దున్నే రాసాత్తి గోడ మీదుగా తల పెట్టింది.

"నాతో కూడా అనింది అన్నా, రేషన్ అంగట్లో నిలబడి. 'రాసాత్తీ, గోడ తట్టు తిరిగి తోమి తోమి నా మొగమే గోడ అయిపోయింది. ఇంక మీద అందరి తట్టు తిరిగి తోముతాను' అనింది."

"ఎప్పుడమ్మా?" అన్నాడు గోపాలప్ప.

"ఎప్పుడంటే... ఆ, పెద్ద వాన పడింది కదా, ఆ దినం."

ధర్మపురిలో పెద్ద వాన పడి నాలుగు నెలలైంది. నడిగట్టు ఆలోచన పుట్టి రెండు నెలలే. గోపాలప్ప ముప్పై ఏళ్ళుగా తప్పు లెక్క కింద ఎర్రగీత కొట్టకుండా వదిలింది లేదు. ఇది మాత్రం వదిలేశాడు. మొగమే గోడ అయిపోయింది అన్న మాట అంజనమ్మ అనదగినదే. అన్నదో లేదో తెలియకపోయినా, ఇంకొకసారి వినాలనిపించింది.

అడ్డు చెప్పినవాడు అన్నామలై ఒక్కడే. అతనికి గోడలు కట్టడంతోపాటు మనైయడి శాస్త్రం, అంటే ఇంటి వాస్తు, కూడా తెలుసు.

"ఇంటికి నడిమధ్య బ్రహ్మస్థానం సార్. ఆడ మురికినీళ్ళు వదలకూడదు. వదిలినారంటే ఆ ఇంటి ఆడమనిషికి..." అంటూ తల ఎత్తాడు. ఎదురుగా పూలదండతో అంజనమ్మ పటం ఉంది. ఆ వాక్యం అక్కడే వదిలేసి తాపీ అందుకున్నాడు. "కడాసి ఆశ అంటే శాస్త్రం కూడా రవ్వంత జరగాల్సిందే."

శనివారం మోహనప్రియ వచ్చింది. తను గీసిన కాగితంలో సింకు కిటికీ కింద ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"అమ్మ ఎట్ల అనుకునిందో అట్లే కానీ నాయనా."

"నీతో కూడా అనిందా?"

మోహనప్రియ ఒక్క క్షణం ఆలస్యంగా తల ఊపింది.

ఇంటిల్లిపాదికీ చెప్పి తనకు ఒక్కడికే చెప్పలేదా అని గోపాలప్ప ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. చెప్పబోయింది, బస్సు అడ్డం వచ్చింది. అంతే అనుకున్నాడు.

పని ముందుకు సాగాక ఇంకో సంగతి తెలిసింది. వెనక సందులో మురికి కాలువ ఎత్తులో ఉంది. నడిమధ్య నుంచి అంత దూరం నీళ్ళు పోవాలంటే వాటం చాలదు. నడిగట్టును ఒక మెట్టు లేపాలన్నాడు వేల్మురుగన్. లేపారు. చాలలేదు. ఇంకో మెట్టు లేపారు. చివరికి నల్ల గ్రానైటు పరిచేసరికి, రెండు మెట్ల పీఠం ఎక్కితే తప్ప సింకు అందడం లేదు. ఇంద్రాణి పొట్టి మనిషి. మెట్లెక్కినా ఆమెకు ఇంకో ముక్కాలిపీట కావాలి.

"కొళాయి రేపు పెట్టేస్తాను," అని చెప్పి వేల్మురుగన్ పన్నెండు రోజులు కనిపించలేదు.

ఆ పన్నెండు రోజుల్లోనే అసలు చిక్కు వచ్చింది. కడసారి కోరిక, నడి ఇల్లు, నల్ల రాయి, రెండు మెట్లు. మొదటి శుక్రవారం రాసాత్తి రాతికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. రెండో శుక్రవారం, గాలికి ఆరదని, సింకు లోపల దీపం పెట్టింది. పక్కవీధి ఆడవాళ్ళు నలుగురు వచ్చి మల్లెపూలు వేసి పోయారు. గోపాలప్ప బడి నుంచి వచ్చి, తిన్న పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"అయ్యో, ఎంగిలి గిన్నె దాంట్లో యాడ వేస్తావన్నా?" అంది రాసాత్తి.

గోపాలప్ప పళ్ళెం తీసుకుని పెరట్లోకి నడిచాడు.

ఆ ఆదివారం రాసాత్తి అక్క కూతురి పెళ్ళి పత్రికలు అచ్చయి వచ్చాయి. మొదటి పత్రిక దేవుడి ముందు పెట్టాలి. రాసాత్తి కట్టంతా తెచ్చి సింకులో, దీపం పక్కన పెట్టి, మూడు వీధుల పేరంటాళ్ళను పిలుచుకు వచ్చింది. మోహనప్రియ కూడా ఆ రోజు ఇంట్లోనే ఉంది. గోపాలప్ప లోపలి గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. సరిగ్గా అప్పుడే వేల్మురుగన్ కొళాయి పట్టుకుని వెనక వాకిలి నుంచి వచ్చాడు. ఆడవాళ్ళు ముందు వాకిట్లో తాంబూలం పంచుకుంటున్నారు. అతను గట్టు కిందికి దూరి, తెరిచిపెట్టిన కొళాయిని బిగించి, పైపులో దుమ్ము పోవాలని, సింకులోకి చూడకుండా బయటికి వెళ్ళి ట్యాంకు వాల్వు పూర్తిగా తిప్పాడు.

మొదట దీపం ఆరింది. తరువాత పత్రికలు తేలాయి. మల్లెపూలు, వత్తులు, పసుపుముద్ద కలిసి కంతను మూసేశాయి. కుంకుమ కరిగిన నీళ్ళు అంచులు దాటి, నల్లరాతి మీదుగా, రెండు మెట్లు దిగి, ఎర్రగా హాలంతా పరుచుకున్నాయి.

"పెండ్లి పత్రికలు! రేయ్, నీ చేతులు పడిపోనూ!" రాసాత్తి తడిసిన కట్ట ఎత్తి పట్టుకుంది. వరుడి పేరు వధువు పేరులోకి కారుతోంది.

"సింకులో పత్రిక ఎవురక్కా పెడతారు?" అన్నాడు వేల్మురుగన్, లోపలికి పరిగెత్తుకొచ్చి.

"అది సింకు కాదు రా!"

"నేనే కదా పెట్టినాను! బిల్లు ఉంది!"

"అపశకునం! అన్నామలై అప్పుడే చెప్పినాడు!"

"దీపం ఆరిపోయింది, ఇంక ఏం కీడు మూడుతుందో..."

"కాదు," అన్నాడు గోపాలప్ప.

గదిలోంచి వచ్చి నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఎర్ర సిరా పెన్ను. అతను ఇంట్లో గొంతెత్తడం ఆ వీధి వినలేదు. ఇప్పుడు కూడా ఎత్తలేదు. అయినా అందరూ ఆగారు.

"ఆ గుర్తు సింకుది కాదు. అంజనమ్మ తల పెట్టిన తావు అది."

కొళాయి ఒక్కటే మాట్లాడుతోంది. మోహనప్రియ వెళ్ళి దాన్ని కట్టేసింది.

"తెలుసు తమ్ముడా," అంది ఇంద్రాణి.

గోపాలప్ప ఆమె వైపు తిరిగాడు.

"తలకాడ కూర్చున్నది నేనే కదా. నాకు తెలీదా? పదహారో దినం గీత కడిగేసినాను. మళ్ళా వచ్చి చూస్తే గీత ఉంది. ఏమో, తమ్ముడికి ఆ తావులో ఏదో ఒకటి నిలబెట్టాలని ఉందేమో, నోరు తెరిచి చెప్పలేకుండా ఉన్నాడేమో అనుకున్నాను. దానికి తోడుగా నేనొక మాట చెప్పినాను."

"నాకూ తెలుసు నాయనా," అంది మోహనప్రియ. "నీకు అట్ల కావాలనుకున్నాను."

రాసాత్తి తడి పత్రికల వైపు చూస్తూ అంది, "అక్క చెప్పింది కదా అని నేనూ చెప్పినాను. రేషన్ అంగట్లో మేం మాట్లాడింది చక్కెర సంగతి."

"మొగమే గోడ అయిపోయింది అని..."

"అది నా మాట అన్నా. నా మొగమే."

గోపాలప్ప మెల్లగా మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళు పంచె అంచును పట్టుకున్నాయి. అతనికోసం అందరూ, అందరి కోసం అతనూ, ఎవరూ కోరని చోట రెండు మెట్లెక్కించి సింకు పెట్టుకున్నారు.

ఆ గీత దేనిదో ఇంతవరకూ తెలియనివాడు వేల్మురుగన్ ఒక్కడే. స్పానరు చేతిలో పట్టుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక గోడవారగా జరిగాడు.

"పోయిన దినం పదిన్నరకు అమ్మ నాకు ఫోన్ చేసినారు సార్."

అన్ని తలలూ అతని వైపు తిరిగాయి.

"యాడ పెట్టాలో చెప్పిందా?" గోపాలప్ప లేచి నిలబడ్డాడు.

"లేదు సార్. 'వస్తే నిలబెట్టి చూపిస్తాను' అనినారు. నేను రేపు వస్తాను అన్నాను."

తరువాత ఇంద్రాణి కొంగు దోపుకుని చీపురు తెచ్చింది. రాసాత్తి పత్రికలు విడదీసి దండెం మీద ఆరవేసింది. గోపాలప్ప గోనెసంచి పరిచి నీళ్ళు తుడిచాడు. ఎర్ర మరక పూర్తిగా పోలేదు.

మరుసటి వారం అన్నామలై రెండు మెట్లూ పగలగొట్టి, గట్టును కిందికి దించి, కాలువ పూడ్చాడు. గ్రానైటులో కోసిన కంతను ఏమీ చేయలేక దానిమీద ఒక పెద్ద పళ్ళెం బోర్లించారు. నడిగట్టు మీద ఇప్పుడు కూరగాయలు తరుగుతారు. సింకును విప్పి కిటికీ కింద గోడకు ఆనించి పెట్టారు. అది అక్కడ బిగించడానికి కాదు. దారికి అడ్డం లేకుండా ఉంటుందని.

గిన్నెలు పెరట్లో బండ మీదే తోముతున్నారు. వేల్మురుగన్ రేపు వస్తానన్నాడు. సింకు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.