గంప కింద గడ్డి

జింకల మేత పథకం పుణ్యమా అని వచ్చే నవంబరు నాటికి దేశంలోని జింకలన్నీ మా కౌంటీ అడ్రసు కనుక్కుంటూ వస్తాయని బోర్డు ఛైర్మన్ మెర్లిన్ కుబియాక్ గారు శుక్రవారం చేపల విందులో ప్రకటించారు. చేతిలో ఫోర్కూ, దానికి వేలాడుతున్న చేపముక్కా ఆయన గాంభీర్యాన్ని ఏమాత్రం తగ్గించలేదు. వేట మొదలయ్యే రోజున సాక్షాత్తు గవర్నరు గారే వచ్చి మా కౌంటీ అడవిలో తుపాకి పట్టుకుని కూర్చుంటారట. అందరం చప్పట్లు కొట్టాం. విత్తనాల కొట్టువాణ్ణి కనుక నేను కాస్త గట్టిగానే కొట్టాను.

ఛైర్మన్ గారు పడవలు అమ్ముకునే మనిషి. జన్మలో ఒక్క జింకని కొట్టలేదు. అయితే మా విస్కాన్సిన్ రాష్ట్రంలో తనకి వేట తెలియదని ఒప్పుకుని గెలిచిన నాయకుడు ఇంతవరకు లేడు. అందుకని ఆయన ఏటా నారింజ రంగు వేటకోటు వేసుకుని నవంబరంతా కాఫీ హోటల్లో గడుపుతారు.

సెప్టెంబరులో ఆయన తనిఖీకి బయల్దేరారు. వెంట అటవీ భూముల అధికారి ప్రోక్నో గారు, నేను. కౌంటీ అడవిలో జింకల కోసం వేసిన మేతమళ్లు పదిహేడున్నాయి. మొదటి మడి చూసుకునేది అర్డిస్ హాల్వర్సన్. బడి వంటశాలలో పనిచేస్తుంది. సొంత భూమి సెంటు లేదు. జీతం లేకుండా ఆ మడిలో సున్నం చల్లి, క్లోవర్ గడ్డి వేసి, కలుపు తీసి, నవంబరులో అక్కడే ఒక్క జింకని కొట్టుకుంటుంది. ఇంట్లో శీతాకాలమంతా ఆ మాంసమే. ఛైర్మన్ గారూ ఆమే ఒకే తరగతిలో చదువుకున్నారు.

మడిలో గడ్డి నేలకి అంటుకుపోయి ఉంది. మధ్యలో కోళ్ల దొడ్లకి కట్టే ఇనుప వలతో చేసిన గంప ఒకటి బోర్లించి ఉంది. దాని కింద మాత్రం మోకాలెత్తు గడ్డి.

"ఇదేంటి, మడంతా బోడిగుండులా ఉంది!" అన్నారు ఛైర్మన్ గారు.

"జింకలు తిన్నాయిరా మెర్లినూ. వేసింది అందుకేగా?" అంది అర్డిస్.

"మరి గంప కింద అంత పెరిగిందేం?"

"గంప ఉంది కాబట్టి. దాని లోపలికి..."

"చాలు చాలు! విన్నారా ప్రోక్నో? గంప ఉంది కాబట్టి పెరిగిందట!"

"ఎదుగుదల పదింతలు సార్," అంటూ ప్రోక్నో గారు రాసుకున్నారు.

జింకలు ఎంత మేశాయో తెలుసుకోవడానికి మా వాళ్లు అలా గంప బోర్లిస్తారు. లోపలి గడ్డి ఎత్తుకీ బయటి గడ్డి ఎత్తుకీ ఎంత తేడా ఉంటే జింకలు అంత తిన్నట్టు. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో పదిహేడు మళ్లకి ఎంత వల కావాలో బుర్రకి తట్టింది. నా కొట్లో వల నాలుగేళ్లుగా తుప్పు పడుతోంది. నోరు మూసుకున్నాను.

అక్టోబరు మొదటి వారంలో బోర్డు సమావేశమైంది. మళ్లన్నిటి చుట్టూ ఎనిమిదడుగుల వల కంచె వెయ్యాలని తీర్మానం. మాట్లాడదలచిన పౌరులకి తలా మూడు నిమిషాలు ఇచ్చారు. అర్డిస్ లేచింది.

"కంచె సరే, గేటేదీ?"

"గేటు పెడితే జింకలు దూరి తినెయ్యవూ?" అన్నారు ఛైర్మన్ గారు.

"ఓరి నీ దుంపతెగ! జింకల కోసమే కదరా వేసింది!"

"మేడమ్, అది రెండో దశ. మొదటి దశలో మేత, రెండో దశలో జింక."

"మరి నా ఫ్రీజరు ఏ దశలో నిండుతుంది?"

"టైమైపోయింది మేడమ్," అని ప్రోక్నో గారు గంట కొట్టారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

జింకలు రెండు వారాలు కంచెల చుట్టూ తిరిగి, లాభం లేదనుకుని ఊళ్లోకి వచ్చేశాయి. హాలోవీన్ పండక్కి గుమ్మాల ముందు పెట్టిన గుమ్మడికాయలు తిన్నాయి. చర్చి వాళ్ల క్యాబేజీలు తిన్నాయి. కోర్టు ముందు పచ్చికలో తీరిగ్గా పడుకున్నాయి. ఊళ్లో తుపాకి పేల్చడం నేరమని వాటికెవరు చెప్పారో తెలియదు. "గత పాలకుల హయాంలో జింకని చూడాలంటే ప్రజలు అడవికి పోవలసి వచ్చేది. ఈరోజు గడప దాటనక్కర్లేదు," అని ఛైర్మన్ గారు పత్రికల వాళ్లకి వివరించారు.

వేట మొదటి రోజు రానే వచ్చింది. గవర్నరు గారు కంచె పక్కన మూడు గంటలు కూర్చున్నారు. లోపల క్లోవర్ నడుమెత్తు ఊగుతోంది. ఉడుత కూడా రాలేదు.

"జింకలేవయ్యా?" అన్నారు గవర్నరు గారు.

"ముందు గడ్డి చూడండి సార్! ఒక్క ఆకు మీద పంటి గాటుందా?" అన్నారు ఛైర్మన్ గారు.

గవర్నరు గారు పరీక్షగా చూశారు. "నిజమే," అని గడ్డికి ఫోటో తీసుకున్నారు.

అవతల చెట్టు మీది మంచె నుంచి అర్డిస్ దిగి వచ్చింది. "నలభై ఏళ్లలో ఉత్త చేతులతో ఇంటికి పోవడం ఇదే మొదలు," అంది నాతో. ఆ వల అమ్మినవాణ్ణి నేనే కదా, ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

గవర్నరు గారిని ఛైర్మన్ గారు తన బండిలో స్వయంగా ఊళ్లోకి తీసుకెళ్లారు. వెనక నా బండిలో నేను, అర్డిస్. కోర్టు దగ్గర జనం కనిపించేసరికి ఛైర్మన్ గారు కిటికీలోంచి చెయ్యి ఊపడం మొదలెట్టారు. అటు పక్క నుంచి పెద్ద కొమ్ముల జింక ఒకటి, నోట్లో గుమ్మడికాయ ముక్కతో, నింపాదిగా రోడ్డు దాటుతోంది. ధన్‌మని చప్పుడైంది.

జింక అక్కడికక్కడే పోయింది. గవర్నరు గారు దిగి, కొమ్ములు పట్టుకుని ఫోటో దిగారు. ప్రోక్నో గారు బండి ముందుభాగం ఫోటోలో పడకుండా అడ్డం నిలబడ్డారు.

వేటలో చచ్చిన జింకల్ని నమోదు చేసే పుస్తకం మా కొట్లోనే ఉంటుంది. అందరూ అక్కడికే వచ్చారు.

"పథకం కింద మొదటి జింక. రాసుకోండి," అన్నారు ఛైర్మన్ గారు.

"తుపాకి, విల్లు అని రెండే ఉన్నాయండి. ఆయుధం దగ్గర ఏం రాయమంటారు?" అన్నాను.

ఛైర్మన్ గారు గవర్నరు గారి వంక చూసి, గొంతు సవరించుకున్నారు.

"పథకం అని రాయండి."

రాశాను. అర్డిస్ వంగి జింకని అటూ ఇటూ తడిమి చూసింది.

"పథకం వెనక తుంటికే తగిలింది, మిగతా మాంసమంతా బాగానే ఉంది," అంది. "ఓ చెయ్యి వెయ్యరా మెర్లినూ, ఇంటికి పట్టుకుపోతాను."